ఐదు వారాల్లో నిశ్చితార్థం, మొటిమలకు కెమికల్ పీల్ చేయించుకోవచ్చా?

హనుమకొండ_చెల్లి | మార్చి 22, రాత్రి 10:40

అందరికీ నమస్తే. ఇక్కడ చాలా రోజులుగా చదువుతున్నాను కానీ రాయడం ఇదే మొదటిసారి. నాకు 26 ఏళ్లు, చామనచాయ, జిడ్డు చర్మం. ఇంటర్ నుంచి మొటిమలు. మధ్యలో రెండేళ్లు బాగా తగ్గాయి, ఇప్పుడు మళ్లీ గడ్డం దగ్గర, బుగ్గల కింద వరసగా వస్తున్నాయి. ఒకటి మానేలోపు పక్కన ఇంకోటి. మానినవి కూడా ఊరికే పోవట్లేదు, మిరియం గింజంత నల్లమచ్చ పెట్టి పోతున్నాయి.

ఏప్రిల్ 26న నా నిశ్చితార్థం. మా వీధిలో పార్లర్ అక్క పీలింగ్ చేయించుకోమంటోంది. మూడు సిట్టింగులు, మొత్తం 2,500. పాము కుబుసం విడిచినట్టు పాత చర్మం పోయి కొత్తది వస్తుందట. మా అమ్మేమో ముఖానికి యాసిడ్ ఏంటే అని ఒకటే గొడవ. చేయించుకున్నవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి. నిజంగా మొటిమలు పోతాయా? మచ్చలు పోతాయా? ఐదు వారాలు సరిపోతాయా?

బెజవాడ_ఎండ | మార్చి 22, రాత్రి 11:05

చెల్లీ, ముందు ఆ పార్లర్‌కి వద్దని చెప్పెయ్. తర్వాత మిగతాది చదువు.

మా తమ్ముడి పెళ్లికి పది రోజుల ముందు నేను ఇదే పని చేశాను. లేబుల్ లేని తెల్ల సీసా, దూది. అందులో ఏముందని అడిగితే "ఫ్రూట్ యాసిడే మేడమ్, పండ్ల రసం లాంటిది" అంది. రాసిన నిమిషానికే ఎడమ బుగ్గ మీద మండుతున్న పెనం పెట్టినట్టయింది. చెప్తే, మంట వస్తేనే పని చేస్తున్నట్టు, ఓర్చుకోమంది. ఓర్చుకున్నాను. అదే నా తప్పు. పది నిమిషాలయ్యాక కడిగింది. రాత్రికి ఎర్రబడింది, రెండో రోజుకి పొక్కు, ఐదో రోజుకి పొక్కు ఊడి కింద కాఫీ డికాషన్ రంగులో మచ్చ, అయిదు రూపాయల బిళ్లంత. తమ్ముడి పెళ్లి ఆల్బమ్ మొత్తంలో నా జడ ఎడమ భుజం మీదే ఉంటుంది. చూసినవాళ్లు స్టైల్ అనుకుంటారు.

ఆ మచ్చ పోవడానికి ఎనిమిది నెలలు పట్టింది. తర్వాత స్కిన్ డాక్టర్ దగ్గర అదే పీల్ అనే పేరుతో నాలుగు సిట్టింగులు చేయించుకున్నాను, ఒక్క పొక్కు కూడా రాలేదు. కాబట్టి పీల్ చెడ్డదని అననుగానీ, సీసా ఎవరి చేతిలో ఉందో చూసుకో.

చిట్కాల_పిన్ని | మార్చి 22, రాత్రి 11:31

మా రోజుల్లో ఇవన్నీ ఉన్నాయా తల్లీ? శనగపిండి, పెరుగు, చిటికెడు పసుపు, నాలుగు చుక్కల నిమ్మరసం. వారానికి రెండుసార్లు పట్టించుకో. పెరుగులో ఉండేదీ యాసిడే అని టీవీలో చెప్పారు.

కెమిస్ట్రీ_మాస్టారు | మార్చి 23, ఉదయం 6:12

పిన్నిగారు చెప్పింది నిజమే, పెరుగులో ఉన్నది లాక్టిక్ ఆమ్లం. పీల్స్‌లో వాడేదీ అదే అణువు. కానీ పెరుగులో అది సుమారు ఒక శాతం ఉంటుంది, పీల్‌లో 30 నుంచి పైకి. చారులో చింతపండు రసం నాలుగు చుక్కలు వేయడానికీ, చింతపండు గుజ్జు గిన్నెడు తాగడానికీ ఉన్నంత తేడా.

(ముప్పై ఏళ్లు జూనియర్ కాలేజీలో పాఠం చెప్పినవాణ్ణి, ఆమ్లం మాట వినిపిస్తే ఆగలేను. తెలిసినవాళ్లు దాటేసి వెళ్లండి.)

ఈ ఆమ్లాల పేర్లన్నీ వంటింటి నుంచీ, తోట నుంచీ వచ్చినవే. గ్లైకాలిక్ చెరకులో ఉంటుంది. మాండెలిక్ మొదట చేదు బాదం నుంచి తీశారు, జర్మన్‌లో మాండెల్ అంటే బాదమే. సాలిసిలిక్ పేరు విల్లో చెట్టుది, ఆస్పిరిన్‌కి దగ్గరి చుట్టం. వీటిని వైద్యంలోకి తెచ్చిన కథ కూడా పాతదే. హాంబర్గ్‌లో పాల్ ఊనా అనే చర్మవైద్యుడు 1882లోనే సాలిసిలిక్, రిసార్సినాల్, ట్రైక్లోరోఎసిటిక్, ఫినాల్ నాలుగూ చర్మం మీద ఏం చేస్తాయో రాసిపెట్టాడు. అంటే పార్లర్ అక్క చెప్పే లేటెస్ట్ ట్రీట్‌మెంట్‌కి నూట నలభై ఏళ్లు దాటాయి.

ముఖ్యమైన మాట ఒకటి. సీసా మీద శాతం చూసి మోసపోకండి. 30 శాతం గ్లైకాలిక్ అని రెండు సీసాలున్నా, వాటి పీహెచ్ (ఆమ్లం ఘాటును చెప్పే కొలత, అంకె తగ్గేకొద్దీ ఘాటు పెరుగుతుంది) వేరైతే అవి రెండు వేరే మందులు. ఈ ఆమ్లానికి పీహెచ్ 3.8 దగ్గర సగం అణువులే స్వేచ్ఛగా ఉండి చర్మంలోకి దిగుతాయి, మిగతా సగం లవణంగా మారి ఊరికే కూర్చుంటాయి. పీహెచ్ ఇంకా తగ్గితే దాదాపు మొత్తం దిగుతుంది. బెజవాడ అమ్మాయికి రాసిన లేబుల్ లేని సీసాలో శాతమూ తెలియదు, పీహెచ్ కూడా తెలియదు. కాలేజీ ల్యాబ్‌లో అలాంటి సీసా దొరికితే మేం సింకులో కూడా పోయనిచ్చేవాళ్లం కాదు.

నిమ్మరసం గురించి పిన్నిగారికి ఒక విన్నపం. దాని పీహెచ్ రెండు దగ్గర్లో ఉంటుంది. పైగా నిమ్మజాతిలో ఎండ తగిలితే చర్మాన్ని కాల్చి నల్లబరిచే పదార్థాలున్నాయి. ముఖానికి వద్దు, పులిహోరకు వాడండి.

చిట్కాల_పిన్ని | మార్చి 23, ఉదయం 7:50

సరే మాస్టారూ, నిమ్మకాయ వెనక్కి తీసుకున్నా. పసుపు మాత్రం వదలను.

డెర్మా_పీజీ | మార్చి 23, మధ్యాహ్నం 2:20

నేను చర్మవ్యాధుల విభాగంలో పీజీ రెండో సంవత్సరం. ముఖం చూడకుండా చికిత్స చెప్పకూడదు కాబట్టి ఇక్కడ రాసేది మామూలు సమాచారం మాత్రమే. లంచ్ టైమ్‌లో రాస్తున్నా, తప్పులుంటే మన్నించండి.

మొటిమకు మూలం చర్మరంధ్రంలో. రంధ్రం మూతి దగ్గర మృతకణాలు జిడ్డుతో కలిసి బిరడాలా బిగుసుకుంటాయి. వెనకాల నూనె నిలిచిపోతుంది, బ్యాక్టీరియా పెరుగుతుంది, వాపు, చీము. పీల్ చేసే పని ఆ బిరడాను కరిగించడం, పైపొరలో అతుక్కున్న కణాలను విడదీయడం. సాలిసిలిక్ నూనెలో కరుగుతుంది కాబట్టి జిడ్డు నిండిన రంధ్రంలోకి దిగగలదు, వాపు కూడా కొంత తగ్గిస్తుంది. అందుకే మొటిమలకు మేం ఎక్కువగా దాన్నే వాడతాం, 20 లేదా 30 శాతం. గ్లైకాలిక్ అణువు చాలా చిన్నది, త్వరగా లోపలికి పోతుంది. దాన్ని టైమ్ చూసుకుని సోడియం బైకార్బొనేట్‌తోనో నీళ్లతోనో ఆపకపోతే ఇంకా లోతుకు పోతూనే ఉంటుంది. బెజవాడ_ఎండ గారికి జరిగింది అదే అయి ఉండొచ్చు. మాండెలిక్ అణువు పెద్దది, మెల్లగా దిగుతుంది, అందుకే మన రంగు చర్మాలకు కాస్త నెమ్మది. సాలిసిలిక్, మాండెలిక్ కలిపినవి మన దగ్గర బాగా నడుస్తాయి.

2008లో వచ్చిన ఒక అధ్యయనం మాకు క్లాసులో చెప్తారు. ఒకే మనిషికి ముఖంలో ఒక వైపు 30 శాతం గ్లైకాలిక్, రెండో వైపు 30 శాతం సాలిసిలిక్, రెండు వారాలకోసారి ఆరు సార్లు రాశారు. మొటిమలు రెండు వైపులా తగ్గాయి. ఆపేసి రెండు నెలలయ్యాక కూడా ఫలితం నిలిచింది సాలిసిలిక్ వైపు. మొదట్లో ఇబ్బందులు ఎక్కువ వచ్చింది గ్లైకాలిక్ వైపు. ఇరవై మంది మీద చేసినదే, అదే వేదమని అననుగానీ ఓపీలో మేం చూసేదీ దాదాపు అలాగే ఉంటుంది.

ఇక ఎవరూ చెప్పని మాట చెప్తాను. పీల్ ఒక్కటే మొటిమలకు చికిత్స కాదు. రాత్రి రాసుకునే అడాపలీన్ లాంటి జెల్, బెంజాయిల్ పెరాక్సైడ్, అవసరమైతే మాత్రలు, ఇవి అసలు వంట. పీల్ పోపు. పోపు ఒక్కటే వేసుకుని అన్నం తినలేం కదా.

మన చర్మంతో ఉన్న చిక్కు వేరే. ఫిట్జ్‌పాట్రిక్ అనే ఆయన 1975లో చర్మాన్ని ఎండకు ఎలా స్పందిస్తుందన్నదాన్ని బట్టి రకాలుగా విడదీశాడు, తర్వాత అది ఆరు రకాలైంది. మనవాళ్లు ఎక్కువమంది నాలుగు, అయిదు. ఈ చర్మానికి ఏ చిన్న దెబ్బ తగిలినా జవాబుగా రంగు కక్కుతుంది. మొటిమ మచ్చ అదే, పీల్ ఎక్కువైతే వచ్చే మచ్చా అదే. అందుకే పీల్‌కి రెండు నుంచి నాలుగు వారాల ముందు నుంచే క్రీములు, సన్‌స్క్రీన్‌తో చర్మాన్ని సిద్ధం చేస్తాం. నేరుగా వెళ్లి పడుకుంటే రాసేసేది కాదు.

హనుమకొండ_చెల్లి గారూ, పీరియడ్స్ సరిగ్గా వస్తున్నాయా? గడ్డం మీద వెంట్రుకలు పెరగడం, బరువు పెరగడం ఉందా? ఇప్పుడు ముఖానికి ఏం రాస్తున్నారు?

హనుమకొండ_చెల్లి | మార్చి 23, రాత్రి 9:15

డాక్టర్ గారూ, ఇంత వివరంగా రాసినందుకు చాలా థాంక్స్. పీరియడ్స్ నెలనెలా వస్తాయి, వెంట్రుకలూ అవీ ఏం లేవు. ముఖానికి పెద్దగా ఏం రాయను. ఫేస్‌వాష్, రాత్రి ఒక ట్యూబ్ క్రీమ్. మా ఫ్రెండ్ చెప్తే రెండేళ్ల కింద మెడికల్ షాపులో కొన్నాను. అది రాసినన్నాళ్లూ ముఖం లేతగా, నున్నగా ఉంటుంది. నాలుగు రోజులు మానేస్తే ఎర్రబడి, దురదపెట్టి, మొటిమలు గుంపుగా లేస్తాయి. మళ్లీ రాస్తే తగ్గుతాయి. మంచి క్రీమే అది.

మందులషాపు_తమ్ముడు | మార్చి 23, రాత్రి 9:22

అక్కా, ఆ ట్యూబ్ వెనక చిన్న అక్షరాల్లో ఏం రాసి ఉందో చదివి ఇక్కడ పెట్టు. పేరు వద్దు, లోపలి మందులు మాత్రమే.

హనుమకొండ_చెల్లి | మార్చి 23, రాత్రి 9:41

మొమెటాసోన్, హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్ అని ఉంది. కింద ఎర్ర గీత.

మందులషాపు_తమ్ముడు | మార్చి 23, రాత్రి 9:58

అనుకున్నా. అక్కా, మొమెటాసోన్ అంటే స్టిరాయిడ్. ఖమ్మంలో మా షాపుకి వచ్చి రోజూ కనీసం నలుగురు ఈ రకం ట్యూబే అడుగుతారు, "తెల్లగయ్యేది ఇవ్వన్నా" అని. మంగు మచ్చలకు డాక్టర్ కొన్ని వారాల పాటు రాసిచ్చే మందు అది. జనం ఫెయిర్‌నెస్ క్రీమ్ అనుకుని ఏళ్ల తరబడి రాస్తారు. 2018లో ఇలాంటి స్టిరాయిడ్ క్రీములను చీటీ లేకుండా అమ్మకూడని షెడ్యూల్ హెచ్‌లోకి తెచ్చారు. అమ్మకం ఆగిందా అంటే ఏం చెప్పను, నేనూ కౌంటర్ వెనకే ఉంటాను. నేను ఇవ్వను అంటే పక్క షాపుకి పోతారు, పోతూ నన్ను నాలుగు తిడతారు కూడా.

డెర్మా_పీజీ | మార్చి 23, రాత్రి 10:30

తమ్ముడు సరిగ్గా పట్టుకున్నాడు. చెల్లీ, మధ్యలో రెండేళ్లు తగ్గాయన్నావు కదా, ఆ రెండేళ్లు తగ్గలేదు, స్టిరాయిడ్ కింద అణిగి ఉన్నాయి. మానగానే ఎర్రబడి లేవడం ఆ క్రీముకు చర్మం అలవాటుపడిన లక్షణం. ఇన్నాళ్లు రాస్తే చర్మం పలచబడుతుంది. దాని మీద పీల్ రాస్తే ఎంత లోతుకు పోతుందో చేసేవాళ్లకే అంచనా దొరకదు.

ఆ పార్లర్‌కి పోకపోవడం వల్ల నువ్వెంత తప్పించుకున్నావో నీకు తెలియదు. ఈ వారమే స్కిన్ డాక్టర్‌కి చూపించుకో. దగ్గర్లో వరంగల్ ఎంజీఎం ప్రభుత్వాసుపత్రి ఓపీ కూడా ఉంది. ట్యూబ్ వెంట తీసుకుపో. దాన్ని సొంతంగా టక్కున ఆపకు, ఎలా తగ్గించాలో వాళ్లు చెప్తారు.

గుంతల_రాజా | మార్చి 24, ఉదయం 8:45

టాపిక్‌లో మగాళ్లు లేరా అని చూస్తున్నా. నేనొకణ్ణి.

నా సమస్య మొటిమలు కాదు, అవి పోయాక మిగిలిన గుంటలు. రెండు బుగ్గల మీదా సూదితో పొడిచినట్టు. కూకట్‌పల్లి వైపు ఒక క్లినిక్‌లో గ్లైకాలిక్ ఆరు సిట్టింగులు, ఒక్కోటి 2,500. మొత్తం 15,000 పోసి కొన్నది ఏంటంటే, గుంటలు మెరుస్తున్నాయి. గుంటలు అలాగే ఉన్నాయి. కౌన్సెలర్ అని ఒకమ్మాయి కూర్చుంటుంది, డాక్టర్ కన్నా ముందు ఆమే ప్యాకేజీ చెప్తుంది. అప్పుడే లేచి రావాల్సింది.

తర్వాత ఇంకో డాక్టర్ ముఖం మీద టార్చి వేసి పక్కనుంచి చూసి అసలు సంగతి చెప్పాడు. గుంట అడుగు చర్మం లోపలి పొరలో ఉంది, పైపొర ఒలిచే పీల్ అక్కడిదాకా పోదు. నాకు టీసీఏ క్రాస్ చేశాడు, టీసీఏ అంటే మాస్టారు చెప్పిన ఆ ట్రైక్లోరోఎసిటిక్ ఆమ్లమే. ఇది భలే విచిత్రంగా ఉంటుంది. ఘాటైన టీసీఏలో పళ్లపుల్ల లాంటి సన్నటి పుల్ల మొన ముంచి, ఒక్కో గుంటలో ఒక్క చుక్క. పెట్టగానే ఆ గుంట సున్నం చుక్కలా తెల్లబడుతుంది. అద్దంలో చూసుకుంటే సంక్రాంతి ముగ్గుకి చుక్కలు పెట్టినట్టు ఉన్నా. ఐదారు రోజులు గోధుమరంగు పెచ్చులు, గీకకూడదు, గడ్డం గీసుకోకూడదు, హెల్మెట్ స్ట్రాప్ తగిలితే ప్రాణం పోయేది. నెలకోసారి నాలుగు సార్లు. సన్నటి గుంటలు సగానికి సగం పైకి లేచాయి. వెడల్పు గుంటలకు మళ్లీ సబ్‌సిషన్ (గుంట కింద సూదితో చర్మాన్ని విడదీయడం) అన్నాడు, అది వేరే కథ.

నల్లమచ్చకీ గుంటకీ తేడా తెలుసుకోండి. వేలితో తడిమితే నున్నగా ఉంటే మచ్చ, దానికి పీల్ పనికొస్తుంది. పల్లం తగిలితే గుంట.

డెర్మా_పీజీ | మార్చి 24, మధ్యాహ్నం 1:50

రాజా గారు చెప్పింది చదివి ఎవరూ టీసీఏ సీసా కొనుక్కోకండి దయచేసి. క్రాస్‌లో వాడేది 65 నుంచి 100 శాతం దాకా ఉంటుంది. గుంట దాటి పక్క చర్మం మీద పడితే కొత్త గుంటో, తెల్లమచ్చో వస్తుంది.

గ్లో_స్టూడియో_ఆఫర్స్ | మార్చి 24, సాయంత్రం 4:03

[ప్రకటన అయినందున ఈ పోస్టును తొలగించాం. చర్చలో ఫోన్ నంబర్లు, ప్యాకేజీ రేట్లు పెట్టవద్దు. – నిర్వాహకులు]

బెజవాడ_ఎండ | మార్చి 24, సాయంత్రం 4:20

వచ్చేశారు, ఎక్కడ పీల్ అన్నా వాసన పట్టేస్తారు 😀

డల్లాస్_అమ్మ | మార్చి 25, ఉదయం 9:10

కొనడం అన్నారు కాబట్టి చెప్తున్నా. మా అమ్మాయికి 15. నుదురంతా మొటిమలు. పోయిన నెల ఆన్‌లైన్ కార్ట్‌లో ఏదో చిన్న సీసా కనిపించింది, 18 డాలర్లు. చదివితే టీసీఏ 30 శాతం! ఫోన్‌లో ఎవరో వీడియోలో అరటితొక్క ఒలిచినట్టు చర్మం ఒలుచుకోవడం చూసి ఆర్డర్ చేయబోయింది. ఇక్కడ మందులను నియంత్రించే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఏ 2024 జూలైలోనే హెచ్చరించింది, ఘాటైన పీల్స్ డాక్టర్ పర్యవేక్షణ లేకుండా ఇంట్లో వాడొద్దని. అయినా రెండు క్లిక్కుల్లో ఇంటికొస్తాయి. ఆ రోజు కార్ట్ ఖాళీ చేసి, ఇద్దరం కూర్చుని ఏడ్చాం. స్కూల్లో ఫొటో డే ఉందట, అందుకని.

ఇప్పుడు డెర్మటాలజిస్ట్ మొటిమలకు ఐసోట్రెటినాయిన్ అనే మాత్రలు మొదలుపెడదామంటున్నారు. అది వేసుకుంటూ పీల్ చేయించుకోకూడదని, ఆపాక ఆరు నెలలు ఆగాలని మా చెల్లెలు అంటోంది. నిజమేనా?

డెర్మా_పీజీ | మార్చి 25, రాత్రి 10:15

అక్కా, ఆరు నెలల నియమం పాతది. 2017లో అమెరికన్ నిపుణులే అప్పటిదాకా వచ్చిన ఆధారాలు చూసి, పైపైన చేసే పీల్స్‌కి అంతకాలం ఆగాలనడానికి తగిన ఆధారం లేదని చెప్పారు. లోతైన పీల్స్ సంగతి వేరు. అయినా ఐసోట్రెటినాయిన్ మీద పెదాలు, చర్మం ఎండిపోయి ఉంటాయి, ఆ టైమ్‌లో పీల్ అవసరమే రాకపోవచ్చు. ఆ మందుతోనే మొటిమలు చాలామందికి బాగా తగ్గుతాయి. గర్భం విషయంలో మీ దగ్గర కట్టుదిట్టమైన నియమాలున్నాయి, అవి ఎలాగూ చెప్తారు.

హనుమకొండ_చెల్లి | మార్చి 29, రాత్రి 8:30

వెళ్లొచ్చాను. డాక్టరమ్మ ట్యూబ్ చూసి తిట్టలేదు. డ్రాయర్ తీసి చూపించింది, అందులో ఇలాంటివి ఓ ఇరవై దాకా ఉన్నాయి, పేషెంట్ల దగ్గర తీసుకున్నవట. నాదీ అందులో పడేసింది.

పీల్ ఇప్పుడు కుదరదని ఒక్క మాటలో తేల్చేసింది. నా బుగ్గల మీద సన్నటి ఎర్ర నరాలు లెన్స్‌లో చూపించింది, అది స్టిరాయిడ్ పనేనట. ముందు చర్మం కోలుకోవాలి, రెండు మూడు నెలలు. ఒక మాయిశ్చరైజర్, రంగున్న సన్‌స్క్రీన్, కొన్ని వారాలకు మాత్రలు, అజెలాయిక్ యాసిడ్ తర్వాత మొదలుపెడదామంది. మధ్యలో మొటిమలు ఒక్కసారిగా లేస్తాయి, భయపడి మళ్లీ ట్యూబ్ కొనొద్దని మూడుసార్లు చెప్పింది. ఏప్రిల్ 26 సంగతి చెప్పాను. "మేకప్ ఉందిగా" అంది.

బయటికొచ్చి స్కూటీ మీద కూర్చుని ఏడ్చాను.

చిట్కాల_పిన్ని | మార్చి 29, రాత్రి 8:55

ఏడవకు బంగారం. పిల్లాడు నిన్ను చూసే కదా ఒప్పుకున్నాడు.

మందులషాపు_తమ్ముడు | మార్చి 29, రాత్రి 9:30

అక్కా, సన్‌స్క్రీన్ పొదుపుగా రాయకు. చూపుడువేలు, మధ్యవేలు రెండింటి పొడవునా గీత పెట్టి, అంతా ముఖానికి, మెడకి రాయాలి. మనవాళ్లు ఒక్క బఠాణీ గింజంత రాసి పని చేయట్లేదంటారు. రంగున్నది ఎందుకంటే అందులో ఐరన్ ఆక్సైడ్ ఉంటుంది, కంటికి కనిపించే వెలుతురు కూడా మన చర్మంలో మచ్చను ముదురుస్తుంది కాబట్టి.

హనుమకొండ_చెల్లి | ఏప్రిల్ 19, రాత్రి 11:48

ఇంకో వారం. ముఖం చూసుకోబుద్ధి కావట్లేదు. రెండు బుగ్గలూ ఎర్రగా, గుంపుగా చిన్న పొక్కులు. అత్తగారి తరఫు వాళ్లెవరో చీరల షాపులో చూసి "వేడి చేసిందా" అని అడిగారు. ఇంకో ట్యూబ్ కొనాలని షాపు దాకా వెళ్లి వెనక్కి వచ్చాను. ఎవరైనా మేలుకుని ఉన్నారా?

బెజవాడ_ఎండ | ఏప్రిల్ 19, రాత్రి 11:55

ఉన్నా చెల్లీ. ఫోన్ పట్టుకునే పడుకున్నా. చెప్పు.

డల్లాస్_అమ్మ | ఏప్రిల్ 20, రాత్రి 12:04

నేనూ ఉన్నా, మాకు మధ్యాహ్నం.

హనుమకొండ_చెల్లి | ఆగస్టు 24, సాయంత్రం 6:20

చాలా మంది మెసేజ్ పెట్టారు, సారీ, రాయలేకపోయాను. నిశ్చితార్థం అయిపోయింది. మేకప్ అమ్మాయి ముందు ఆకుపచ్చ రంగేదో పూసి దాని మీద ఫౌండేషన్ వేసింది, ఎరుపు కనపడలేదు. దగ్గరగా తీసిన రెండు ఫొటోల్లో తెలుస్తుంది, అంతే. జూన్ చివరికి ఎర్రదనం పోయింది. అసలు మొటిమలు మాత్రలతో, అజెలాయిక్‌తో చాలావరకు ఆగాయి. మిగిలినవి మచ్చలు, ముక్కు పక్కన బ్లాక్‌హెడ్స్. మొన్న శుక్రవారం మొదటి పీల్ జరిగింది! సాలిసిలిక్ 20 శాతం. ఎలా ఉంటుందో చెప్తాను, మొదట ఇక్కడ అడిగింది అదే కాబట్టి.

ముందు ఒక కాగితం చదివి సంతకం పెట్టాలి. గర్భం ఉందా, ఆస్పిరిన్ పడదా, పెదాల మీద జ్వరప్పొక్కులు వస్తుంటాయా, ఈ వారంలో థ్రెడింగ్, వ్యాక్సింగ్ చేయించారా అని అన్నీ అడిగారు. పై పెదవికి థ్రెడింగ్ వారం ముందే మానమన్నారు కాబట్టి చిన్న మీసంతో వెళ్లాను, ఏం చేస్తాం.

ముఖం కడిగి, స్పిరిట్ లాంటిదేదో తడిపిన గాజుగుడ్డతో జిడ్డు తుడిచారు. ముక్కు పక్క మడతల్లో, పెదాల మూలల్లో, కళ్ల చివర్లలో వాజిలిన్. కళ్ల మీద తడి దూది. చేతిలో ఒక బుల్లి ఫ్యాన్ పెట్టారు, బ్యాటరీది, అదెందుకో అప్పుడు తెలియలేదు. నుదుటి మీద మొదలుపెట్టి బుగ్గలు, ముక్కు, గడ్డం. ముప్పై సెకన్ల దాకా ఏం లేదు. తర్వాత మొదలైంది. చీమలు పాకినట్టు, ఆ తర్వాత పచ్చిమిర్చి తరిగిన చేత్తో ముఖం తుడుచుకున్నట్టు. ఫ్యాన్ ఎందుకిచ్చారో అప్పుడర్థమైంది. డాక్టరమ్మ పక్కనే నిలబడి, "పదికి ఎంత?" అని అడుగుతూనే ఉంది. ఐదు, ఆరు, ఏడు అన్నాను. రెండు నిమిషాలు దాటాక దానంతటదే మొద్దుబారినట్టు తగ్గిపోయింది. సాలిసిలిక్‌కి ఆ గుణం ఉందట.

అద్దం ఇచ్చారు. ముఖం మీద ఉప్పు ఆరినట్టు తెల్లటి పూత! కాలిందేమోనని గుండె జారింది. అది చర్మం కాదు, ద్రావణం ఆరిపోయి మిగిలిన సాలిసిలిక్ పలుకులట. నీళ్లతో కడిగితే పోయింది. మొత్తం అయిదు నిమిషాల్లోపే.

ఇప్పుడు మూడో రోజు. మూతి చుట్టూ, గడ్డం మీద సన్నటి పొట్టు లేస్తోంది, పాలమీగడ ఆరినట్టు. లాగకూడదన్నారు. లాగాలని చేతులు ఎంత దురదపెడుతున్నాయో! పార్లర్ అక్క చెప్పిన పాము కుబుసం మాత్రం రాలేదు. ఆఫీసులో ఒకామె మాత్రమే కనిపెట్టింది, అదీ చలికాలం ముందే వచ్చిందా అని. సిట్టింగ్‌కి 1,800 అయింది. మూడు వారాలకోసారి, నాలుగు చూద్దామంది, మచ్చలకు ఆపైన కూడా టైమ్ పడుతుందని ముందే చెప్పింది.

కెమిస్ట్రీ_మాస్టారు | ఆగస్టు 24, సాయంత్రం 6:47

ఆ తెల్లటి పలుకుల సంగతి చదివి సంతోషమేసింది. ఆల్కహాల్ ఆవిరై స్ఫటికాలు మిగలడం. ఇంటర్ రెండో సంవత్సరం ప్రాక్టికల్‌లో పిల్లలకు చూపించేవాణ్ణి, ముఖం మీద మాత్రం కాదు.

డెర్మా_పీజీ | ఆగస్టు 24, రాత్రి 10:02

టీసీఏలో వచ్చే తెలుపు వేరండీ మాస్టారూ, అది చర్మంలో ప్రొటీన్ గడ్డకట్టడం, కడిగినా పోదు. కోడిగుడ్డు తెల్లసొన ఉడికినట్టు. చూడ్డానికి రెండూ తెలుపే. ఆ తేడా తెలియని చేతుల్లో సీసా ఉంటేనే మాకు ఎమర్జెన్సీకి వస్తారు.

చెల్లీ, పొట్టు లేచే చోట రాత్రి రాసుకునే జెల్స్ ఏవీ రాయకు, మాయిశ్చరైజర్ మాత్రమే. అయిదారు రోజుల తర్వాత డాక్టరమ్మ చెప్పినట్టు మళ్లీ మొదలుపెట్టు. ఎక్కడైనా చుక్క నల్లబడినట్టు, నీరు కారినట్టు కనిపిస్తే ఇక్కడ ఫొటో పెట్టకుండా నేరుగా ఆమెకే ఫోన్ చెయ్యి.

గుంతల_రాజా | ఆగస్టు 25, ఉదయం 9:00

1,800కే అయిపోయిందా! మా కౌన్సెలర్ ఈ పోస్టు చదవాలి.

చిట్కాల_పిన్ని | ఆగస్టు 25, ఉదయం 9:40

పెళ్లెప్పుడు తల్లీ? నలుగు పెట్టుకోవచ్చో లేదో కూడా ఆ డాక్టరమ్మని అడుగు. పసుపు లేకుండా పెళ్లికూతుర్ని చేస్తారా ఎక్కడైనా?

హనుమకొండ_చెల్లి | ఆగస్టు 25, రాత్రి 9:12

నవంబర్‌లో పిన్నీ. అడిగాను. ఆఖరి పీల్‌కి, నలుగుకి మధ్య నెల రోజులు ఉండాలంది. నలుగుపిండి బరకగా కాకుండా మెత్తగా జల్లించి, రుద్దకుండా పూయమంది. అమ్మ ఇప్పటికే జల్లెడ వెతుకుతోంది.